చేతులు లావయ్యాయి, టిక్కీ లేవలేదు

రెండేళ్లుగా బ్రాడీపేటలో జిమ్‌కి వెళ్తున్నా. ఆపకుండా 12 సార్లు బరువు ఎత్తడం (12 రెప్స్, అదొక సెట్), నిమిషం రెస్ట్, మళ్లీ 12. పాత చొక్కాలు భుజాల దగ్గర పట్టేస్తుంటే లోలోపల మురిసిపోయేవాణ్ని.

మొన్న మావయ్యతో గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లా. ఒక టిక్కీ, అంటే మిర్చి బస్తా, పక్కకి జరపాల్సి వచ్చింది, 40 కేజీల పైమాటే. వంగి పట్టుకున్నానో లేదో గోనె జారింది, నడుం కలుక్కుమంది. ఆ ఘాటుకి తుమ్ములు వేరే! నా చేతిలో సగం కూడా లేని హమాలీ ఒకాయన "జరగండి బాబూ" అని దాన్ని వీపు మీదకి లాక్కుని వెళ్లిపోయాడు. "ఏరా, ఇవి చూపించుకోడానికేనా?" అన్నాడు మావయ్య.

కోచ్‌ని అడిగా. కండ పెరగాలంటే అది బాగా అలిసేదాకా సెట్ల మీద సెట్లు కొట్టాలట. బలానికైతే పెద్ద బరువు, 3 నుంచి 5 రెప్స్. ఉన్న కండనంతా ఒక్కసారిగా పనిలోకి దించడం నరాలు నేర్చుకోవాలి. పైగా ఏ కదలిక సాధన చేస్తే అందులోనే బలం ఎక్కువ వస్తుంది. ఆ హమాలీ రోజూ చేసేది అదేగా.

ఇప్పుడు డెడ్‌లిఫ్ట్ (నేల మీంచి బరువు ఎత్తి నిలబడటం) 5 రెప్సే. సెట్‌కీ సెట్‌కీ మధ్య 3 నిమిషాలు కూర్చోవడమే కష్టంగా ఉంది, పక్కవాళ్లు బద్ధకం అనుకుంటున్నారు. బైసెప్స్ రోజు మాత్రం మానలేదు. దసరాకి కొత్త చొక్కాలు కుట్టించాలి మరి.