కొలోన్‌లో గేరో సిలువ ముందు

జర్మనీలోని కొలోన్ కథీడ్రల్‌కి వచ్చే యాత్రికులు ముందు వెతుక్కునేది, పసి యేసును చూడవచ్చిన తూర్పు దేశపు జ్ఞానుల అవశేషాలున్న బంగారు పేటికనే. 1164లో ఆ పవిత్ర అవశేషాలు ఇటలీ నుంచి వచ్చినప్పటి నుంచీ ఈ ఊరు పెద్ద యాత్రాస్థలం. అమ్మా నేనూ కూడా మొదట అక్కడికే వెళ్ళి దండం పెట్టుకున్నాం. అయితే నన్ను అంతదూరం రప్పించింది బంగారం కాదు, ఓక్ చెక్క.

ఆ ఓక్ చెక్కతో చేసిన గేరో సిలువ ఉత్తరం వైపు చాపెల్‌లో ఉంది. 969 నుంచి 976 వరకు ఇక్కడ అగ్రపీఠాధిపతిగా ఉన్న గేరో పేరు మీద దాన్ని అలా పిలుస్తారు. 1976లో చెక్కలో ఏటేటా ఏర్పడిన పెరుగుదల వలయాలను పరీక్షిస్తే, ఆ చెట్టును 965 ప్రాంతంలో నరికారని తేలింది. ఇప్పటి గుడికి పునాది పడింది 1248లో. అదే ఏడు పాత గుడి అగ్నికి ఆహుతైంది, సిలువ మాత్రం దక్కింది.

విగ్రహం నిలువెత్తు మనిషంత ఉంటుంది. అంతకుముందు సిలువ మీది ప్రభువును ఎక్కువగా కళ్ళు తెరిచి, విజేతలా నిటారుగా చూపేవారు. ఇక్కడ ప్రాణం పోయింది. తల కుడి భుజం మీదికి వాలింది, కళ్ళు మూతపడ్డాయి, పెదవుల కొసలు కిందికి జారాయి. ఒంటి బరువంతా చేతుల మీద పడి, చంకల దగ్గర కండ తాడులా సాగింది. పొట్ట ఉబ్బి ముందుకు జారింది. శవాన్ని దగ్గరగా చూసిన శిల్పి పని ఇది. అమ్మ ఆ పొట్ట వంక చూసి, "అయ్యో, ఎంత నరకం పడ్డాడో" అంది.

ఈ విగ్రహం తలకు ఒకసారి బీట పడిందట. గేరో ఆ చీలికలో దివ్యసత్ప్రసాదాన్ని, అంటే పూజలో పవిత్రం చేసిన రొట్టెను, యేసును వేసిన అసలు సిలువదిగా నమ్మే ముక్కను ఉంచి ప్రార్థించగా అది కలిసిపోయిందని, చరిత్రకారుడు థీట్మార్ పదకొండో శతాబ్దం మొదట్లో రాశాడు. అద్భుతాన్ని ఎవరి విశ్వాసానికి వారికే వదిలేద్దాం. బీట మాత్రం నేను నమ్ముతాను. ఎండుతున్న చెక్క అన్ని వైపులా ఒకేలా కుంచించుకోదు. వలయాల వెంబడి ఎక్కువ, వాటికి అడ్డంగా తక్కువ. అందుకే నిండు దుంగ పగులుతుంది. వడ్రంగి ఎవరైనా ఇదే చెబుతాడు. వెయ్యేళ్ళకు పైబడిన చెక్క ఇంత చెక్కుచెదరకుండా ఉండటమే నాకు ఎక్కువ ఆశ్చర్యం. పైనున్న రంగు మాత్రం మొదటిది కాదు, తర్వాతి కాలంలో వేసినది.

నాకు నచ్చనిది ఒకటుంది. 1683లో కట్టిన పాలరాతి బలిపీఠం, సిలువ వెనక సూర్యకిరణాల్లా పరచిన బంగారు పూత. ఆ ధగధగలో ముఖం మీద చూపు నిలవడం కష్టం. తీసేస్తే బాగుండునన్నాను. "ఎవరో భక్తితో చేయించారు, ఉండనీ. దేవుడి వెనక వెలుగుంటే నీకేం కష్టం?" అంది అమ్మ. రైలెక్కాక కూడా ఆ వాదన తెగలేదు.