లాంజౌలో అర్ధరాత్రి పాలు

మరుగుతున్న పాలల్లో పులిసిన అన్నం ఓ గరిటెడు వేసేశాడు. అయ్యో, విరిగిపోతాయి కదయ్యా అనుకునేలోపే గిలక్కొట్టిన గుడ్డు కూడా పోశాడు.

చైనాలోని లాంజౌ నగరం, జెంగ్‌నింగ్ రోడ్డు నైట్ మార్కెట్. టైం పన్నెండు కావస్తోంది, వీపున బ్యాగు ఇంకా దించలేదు. తెల్లటోపీ పెట్టుకున్న పెద్దాయన గుడ్డు సన్నటి రేకులుగా విచ్చుకునేదాకా కలిపి, పైన కిస్‌మిస్, వేరుశనగపప్పు, నువ్వులు చల్లి వేడివేడి గిన్నె చేతిలో పెట్టాడు. డబ్బులు క్యూఆర్ కోడ్‌కే. జేబులో యువాన్ నోట్లు అలాగే ఉండిపోయాయి.

నీచు వాసన వస్తుందేమోనని ఊపిరి బిగబట్టి తాగా. ఏమీ లేదు! తియ్యగా, చివర్లో కాస్త పులుపు. ఇంట్లో అయితే అమ్మ ఇలాంటి పాలు ఎప్పుడో సింకులో పారబోసేది. ఇక్కడేమో దీనికి క్యూ.

పక్క బండి మీద బొగ్గులపై మటన్ సీకులు. జీలకర్ర, కారం పడగానే లేచిన ఘాటుకి కాళ్లు వాటంతటవే అటు తిరిగాయి. అవీ లాగించా. తీపి మీద కారం, ఏం వరసో ఏమో!

ఈ ఊరికి అసలు పేరు తెచ్చింది బీఫ్ నూడుల్స్. కానీ అది ఇక్కడ పొద్దుటి టిఫిను. మధ్యాహ్నం దాటితే చాలా కొట్లు కట్టేస్తారు. ఈ కడుపేసుకుని తెల్లారి లేవడం నావల్ల అవుతుందా చెప్పండి?