అమ్మమ్మ డెత్ సర్టిఫికెట్: నా అనుభవం

సరిచేసిన సర్టిఫికెట్ నిన్న చేతికొచ్చింది. కోపం ఇంకా తగ్గలేదు, అయినా ఇప్పుడే రాస్తున్నాను. చర్చిలో ఒక పేరు, కాగితాల్లో ఇంకో పేరు ఉన్న పెద్దవాళ్లు మన ఇళ్లల్లో చాలామంది ఉన్నారు. వాళ్ల పిల్లలకి ఇది పనికొస్తుంది.

అమ్మమ్మ ఇంట్లోనే ప్రభువు నందు నిద్రించింది. కళ్లు దానం చేయాలని ముందే చెప్పి ఉంచింది కాబట్టి ఫ్యాను ఆపేసి, రెప్పలు మూసి, వాటిపై తడి దూది పెట్టి, తల కింద దిండు పెట్టాం. ఆరు గంటల లోపు తీసుకోవాలి, ఐ బ్యాంకు వాళ్లు అంతకన్నా ముందే వచ్చారు. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లు పనికిరావని ఒక చుట్టం అడ్డుపడబోయాడు. పనికొస్తాయి, వయసుతో కూడా సంబంధం లేదు. భూస్థాపన పనులన్నీ పాస్టరు గారు, సంఘపెద్దలు దగ్గరుండి చూసుకున్నారు. వైద్యం చేసిన డాక్టరు గారు మరణ కారణం రాసిచ్చారు. దానికి ఫీజు తీసుకోకూడదని చట్టంలోనే ఉంది, ఆయన అడగనూ లేదు. 21 రోజుల గడువులోపే మున్సిపల్ ఆఫీసులో రిపోర్టు ఇచ్చేశాం.

సర్టిఫికెట్ వచ్చాక మొదలైంది అసలు గొడవ. పెళ్లయిన కొన్నేళ్లకు అమ్మమ్మ బాప్తిస్మం తీసుకుని పేరు మార్చుకుంది. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం మాత్రం పాత పేరు మీదే ఉన్నాయి. మేం ఆధార్ జిరాక్సుతో పాటు చర్చి ఇచ్చిన సమాధి పత్రం కూడా జతచేశాం. ఆపరేటరు ఆధార్ పక్కన పెట్టి చర్చి కాగితం చూసి టైప్ చేసేశాడు. బ్యాంకు వాళ్లు ఆ సర్టిఫికెట్ తీసుకోలేదు. నామినీ మా అమ్మ. ఆమెకి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు. అందుకని నేనే ఆఫీసుకి వెళ్లాను.

"ఒకసారి ఎక్కిన పేరు మారదమ్మా, కోర్టుకెళ్లి ఆర్డరు తెచ్చుకోండి" అన్నాడు సీట్లో ఉన్న క్లర్కు, తల కూడా ఎత్తకుండా. పొరపాటు మీ దగ్గరే జరిగిందని ఆధార్ కాపీ చూపించాను. "మీరెవరు ఆవిడకి?" మనవరాలినన్నాను. "కొడుకులు లేరా? కూతురి కూతురు వచ్చి అడిగితే మార్చేస్తామా?" నా వెనకాల లైన్లో ఉన్నవాళ్లు వింటున్నారు. ఓపిగ్గా రెండు పేర్ల సంగతి చెప్పాను. అప్పుడు కుర్చీలో వెనక్కి వాలి, అందరికీ వినబడేలా అడిగాడు: "అవునూ, పేరు మార్చుకున్నందుకు ఏమిచ్చారేంటి ఆవిడకి?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. నాకు నోట మాట రాలేదు. ఫైలు గుండెలకి హత్తుకుని బయటికొచ్చేశాను.

ఆవిడకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఆవిడే ఇచ్చింది. ఎసరు పెట్టిన ప్రతిసారీ గుప్పెడు బియ్యం విడిగా డబ్బాలో వేసేది, నెలాఖరుకి అది చర్చికి చేరేది. ముగ్గురు పిల్లల్ని చదివించింది, మమ్మల్ని పెంచింది. వాడలో ఏ విధవరాలికి పెన్షన్ ఫారం నింపాలన్నా మా అరుగు మీదే. 1995లో పల్స్ పోలియో మొదలైన దగ్గర్నుంచి కాళ్లు సహకరించినంత కాలం వాలంటీరుగా వెళ్లింది. అది ఆదివారమే కదా, తెల్లవారుజాము ఆరాధన చూసుకుని నేరుగా బూత్‌కి నడిచేది. సీసా మీద గుండ్రని గుర్తు మధ్యలో చిన్న చదరం ఉంటుంది. అది చుట్టూ ఉన్న వలయం కన్నా లేత రంగులో ఉంటేనే మందు పనికొస్తుందట. కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని ఒక్కో సీసా వెలుతురుకి పెట్టి చూసేది. 2014 మార్చి 27న మన దేశానికి పోలియో రహిత గుర్తింపు వచ్చిన వార్త కత్తిరించి బైబిల్లో కీర్తనల దగ్గర పెట్టుకుంది. ఇప్పటికీ అక్కడే ఉంది. అలాంటి మనిషిని పట్టుకుని ఆ మాటా!

ఆ రాత్రి కూర్చుని చట్టం చదివాను. జనన మరణాల నమోదు చట్టం, 1969. అందులో 15వ సెక్షన్ ప్రకారం తప్పుగా ఎక్కిన వివరాన్ని రిజిస్ట్రారే సరిచేయవచ్చు. పాత ఎంట్రీ కొట్టేయకుండా మార్జిన్‌లో రాసి, సంతకం చేసి, తేదీ వేయాలి. విషయం తెలిసిన నమ్మకస్తులు ఇద్దరు డిక్లరేషన్ ఇస్తే సరిపోతుంది. కోర్టు ప్రసక్తే లేదు. ఆఫీసులో కోర్టు అనగానే భయపడి బ్రోకర్ చేతిలో డబ్బు పెట్టకండి. ఏ సెక్షన్ ప్రకారం కుదరదో కాగితం మీద రాసివ్వమని అడగండి. నోటితో వంద చెప్పేవాళ్లు రాయమంటే వెనక్కి తగ్గుతారు.

సాక్షుల కోసం వెతుక్కోవాల్సిన పని పడలేదు. స్త్రీల సమాజం సెక్రటరీ గారు వచ్చారు. అమ్మమ్మతో ఏళ్ల తరబడి పోలియో బూత్‌లో కూర్చున్న రిటైర్డ్ ఏఎన్‌ఎం గారు ఆటో కట్టించుకుని వచ్చారు. ఈసారి క్లర్కు దగ్గర ఆగకుండా నేరుగా పై అధికారి గదికి వెళ్లాం. ఆయన సెక్షన్ చదివి, బాప్తిస్మం రిజిస్టరు నకలు, ఆధార్ పక్కపక్కన పెట్టి చూశారు. ఏఎన్‌ఎం గారు ఊరుకోలేదు. "ఈవిడ ఈ వాడ పిల్లలందరికీ చుక్కలు వేసిందండీ. మీ క్లర్కు ఈ ఊరివాడే అయితే వాడి పిల్లలకీ వేసే ఉంటుంది" అన్నారు గట్టిగానే. అధికారి క్లర్కుని పిలిచి దరఖాస్తు తీసుకోమన్నారు. క్లర్కు క్షమాపణ చెప్పలేదు. రసీదు మాత్రం ఇచ్చాడు.

పేరు, పక్కనే బాప్తిస్మం పేరు, రెండూ ఎక్కాయి. బ్యాంకు పని అదే రోజు అయిపోయింది. సర్టిఫికెట్ నకళ్లు ఒకేసారి నాలుగైదు తీసుకోండి, ప్రతి చోటా ఒరిజినల్ అడుగుతున్నారు. సమాధి రాయి మీద కూడా రెండు పేర్లూ చెక్కమని ఇవాళ పొద్దున్నే చెప్పి వచ్చాను.