కూలి అనే గడి

ఇవాళ రోజు నా తప్పుతోనే మొదలైంది. సకినాల ప్యాకెట్ల మీద అంటించడానికి 200 స్టిక్కర్లు ప్రింటు చేయించి తీసుకెళ్ళాను. తినే సరుకుల మీద వేయాల్సిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరుకి 14 అంకెలు ఉండాలి. నేను 13 కొట్టించాను. బ్యాంకులో ముప్ఫై ఏళ్ళు ఖాతా నంబర్లతో కాపురం చేసినదాన్ని! పట్టుకున్నది కూడా నేను కాదు, సకినాలు చేసే ఆడవాళ్ళ గ్రూపు లీడర్ కూతురు. ఇంటర్ చదువుతోంది. "మేడం, గీ నడుమల ఒక సున్నా తక్కువున్నది" అంది. ఆ పిల్లే గోడకు చేరగిలి కూర్చుని, నీలం పెన్నుతో ఒక్కో స్టిక్కరులో సున్నా ఇరికించింది. 200 సున్నాలు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అడ్డగుట్టలో ఈ గ్రూపు దగ్గరికి రిటైరయ్యాక వారానికోసారి వస్తున్నాను. పుస్తకాలు రాసిపెట్టడం నా పని. కాగితాల మీద ఇది స్వయం సహాయక సంఘం. నోటికి మాత్రం డ్వాక్రానే. 1982లో పల్లెటూళ్ళ ఆడవాళ్ళ కోసం పెట్టిన పథకం పేరు అది. 'గ్రామీణ' అనే మాట ఆ పేరులోనే దాక్కుని ఉంది. అయినా సికింద్రాబాద్ నడిబొడ్డున బస్తీలో ఎవరిని అడిగినా "మాది డ్వాక్రా గ్రూపు" అనే అంటారు. నాకు ఆ మాటే బాగుంటుంది. సంఘం అంటే మీటింగు గుర్తొస్తుంది, డ్వాక్రా అంటే మనుషులు గుర్తొస్తారు.

పదకొండు మందిలో ఇవాళ ఏడుగురు వచ్చారు. లీడర్ ఇంటి ముందు గది పదడుగులకు పదడుగులు ఉంటుందేమో. కింద ఉతికిన పాత పంచె పరిచారు. రాత్రి నానబోసి వడగట్టిన బియ్యం పొద్దున గిర్నీకి పోయి తడిపిండిగా తిరిగొచ్చింది. అందులో నువ్వులు, వాము, ఉప్పు వేసి కలిపారు. చీరలకి ఫాల్స్ కుట్టే ఆవిడ చేతిలో సకినం చుట్టుకోవడం చూస్తూ చాలాసేపు పుస్తకం తెరవలేదు నేను. పిండి వేళ్ళ సందున సన్నగా మెలి పడుతూ జారుతుంది. బొటనవేలు తోస్తుంటే చూపుడువేలు తిప్పుతుంది. మొదటి చుట్టు చిన్న ఉంగరమంత, దాని చుట్టూ రెండోది, మూడోది, నాలుగోది. ఎక్కడా తెగదు. ఒకటి అవగానే మోకాలు కాస్త జరిపి పక్కన ఇంకొకటి. పంచె తేమ లాగేసుకునేదాకా ఆగాలి. తొందరపడి పచ్చిగా నూనెలో వేస్తే టప్‌మని పేలుతుంది. పోయినేడాది అలా పేలిన మచ్చ లీడర్ ముంజేతి మీద ఇంకా ఉంది.

సంక్రాంతికి వారం లేదు. దగ్గర్లోని ఒక అపార్ట్‌మెంట్ నుంచి 20 కిలోలకి ఆర్డరొచ్చింది. కిలో 260 ఇస్తామన్నారట, పోయినేడాది రేటే. వీళ్ళు సరేననే మూడ్‌లో ఉన్నారు. నేనే పుస్తకం తెరవమన్నాను.

బియ్యం, గిర్నీ, నూనె, నువ్వులు, వాము, గ్యాస్, కవర్లు అన్నీ కలిపితే కిలోకి 185 తేలింది. నువ్వులు పక్క కిరాణాలో కాకుండా బేగంబజారులో కొన్నారు కాబట్టి ఆ మాత్రమైనా. ఆడవాళ్ళకి టికెట్ డబ్బుల్లేని మహాలక్ష్మి బస్సులు 2023 డిసెంబరు 9న మొదలయ్యాక వీళ్ళ సరుకుల దారే మారింది. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుని అఫ్జల్‌గంజ్‌లో దిగి, బస్తా భుజాన వేసుకొస్తారు. ఊరికే తిరుగుతున్నారని ఎగతాళి చేసేవాళ్ళు ఆ బస్తా ఒకసారి మోయాలి.

"ఇగ 75 మిగిలె గద మేడం, చాలు" అంది లీడర్.

నేను గడియారం చూస్తూనే ఉన్నాను. ఎంత చేయి తిరిగినవాళ్ళకైనా సకినానికి దగ్గర దగ్గర నిమిషం పడుతోంది. కిలోకి నలభై తూగుతాయి. నానబోయడం, పిండి కలపడం, చుట్టడం, వేయించడం, చల్లార్చి కవర్లలో పెట్టడం చూస్తే ఒక్క మనిషికి కిలోకి రెండు గంటలకు తక్కువ పట్టదు. అంటే గంటకి 37 రూపాయలు. ఆ మాట చెప్పాక గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఫాల్స్ ఆవిడే చివరికి, "గంటల ఒక ఫాల్ కుడితె 60 వస్తది నాకు" అంది.

"గది మిషన్ పని అక్కా. ఇది ఇంట్ల పండుగకు చేసుకునేదే గద. చేతులకు గుడ పైసలు లెక్కేస్తరా?" అంది ఇంకొకావిడ.

ఇదే మాట వేరే వేరే గొంతుల్లో ఎన్నిసార్లు విన్నానో. ఆడవాళ్ళకి ఉపాధి అంటే మనవాళ్ళకి మొదట తోచేది కుట్టు మిషన్, రెండోది పచ్చళ్ళు. మిషన్ ఇస్తారు, మూడు నెలలు నేర్పిస్తారు, సర్టిఫికెట్‌తో ఫోటో దిగుతారు. బట్టకి ధర ఎలా కట్టాలో ఎవరూ చెప్పరు. ఈ గల్లీలోనే అలా వచ్చిన మిషన్ల మీద ఇప్పుడు ఒకచోట టీవీ ఉంది, ఒకచోట బియ్యం డబ్బా ఉంది. పని రాక కాదు, ఎంత అడగాలో తెలియక.

పోనీ లెక్క రానివాళ్ళా అంటే, అప్పు లెక్క నాకన్నా బాగా చెప్తారు. బజ్జీల బండి పెట్టుకున్నావిడ గిరిగిరి అప్పు తీసుకుంటుంది. అప్పిచ్చేవాడు చేతికి 9,000 ఇస్తాడు, రోజుకి 100 చొప్పున వంద రోజులు కట్టాలి. "వెయ్యే గద మిత్తి" అంటుంది. అసలు రోజూ తగ్గుతూ పోతుంది కాబట్టి సగటున ఆమె దగ్గర ఉండేది నాలుగున్నర వేలే. దాని మీద వంద రోజులకి వెయ్యి, అంటే ఏడాదికి 80 శాతం. కాగితం మీద వేసి చూపించాను. నా వంక జాలిగా చూసింది. కరోనా ఏడాది, 2020లో, వీధి వ్యాపారులకి బ్యాంకులిచ్చే స్వనిధి అప్పు కింద 10,000 తీసుకుని కట్టేసింది, తర్వాత 20,000 కూడా తీసుకుంది. బ్యాంకు వడ్డీ ఎంతో ఆమెకి తెలియక కాదు. "మీ బ్యాంకు పైసలు మంచియే మేడం, నాకు శనగపిండి పొద్దుగాల ఐదుకు కావాలె" అంది. కౌంటరు లోపల కూర్చున్నన్నాళ్ళూ నాకు ఈ ఐదు గంటల సంగతి తట్టలేదు. 2010 అక్టోబరులో పేదలకి చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీల మీద ఆర్డినెన్స్ వచ్చినప్పుడు మేమంతా రికవరీల గురించే మాట్లాడుకున్నాం. ఆ అప్పుల వసూలుకి వారం వారం ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాళ్ళ గురించి లీడర్ ఇప్పుడు చెప్తుంటే వింటున్నాను.

అప్పు తెచ్చిన డబ్బుకి రోజు లెక్క కట్టే మనిషి తన చేతికి గంట లెక్క కట్టదు. అందుకే పుస్తకంలో కొత్త గడి గీశాను. పైన 'కూలి' అని రాయమని లీడర్‌కే పెన్ను ఇచ్చాను. నవ్వుతూనే రాసింది. చర్చ మీద చర్చ అయ్యాక కిలో 340కి తేలింది.

ఫోన్ స్పీకర్లో పెట్టారు. అపార్ట్‌మెంట్ ఆవిడకి కోపమొచ్చింది. పండగ ముందు ఇట్లా మాట మారిస్తే ఎలా, స్వీటు షాపులో కొనుక్కుంటాం కదా అంది. లీడర్ తడబడకుండా, "అమ్మా, ఈసారి మా కూలి గలిపినం" అంది. అంతే, ఇంకే వివరమూ లేదు. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత 12 కిలోలు చాలన్నారు.

ఫోన్ పెట్టగానే అందరూ నా మీద పడ్డారు. ఎనిమిది కిలోలు పోయాయి! స్టిక్కర్ల పిల్ల తల ఎత్తకుండానే ఫోన్‌లో లెక్క వేసి, 20 కిలోలకి 1,500 మిగిలేదనీ, 12 కిలోలకి 1,860 మిగులుతుందనీ చెప్పింది. గది కాస్త చల్లబడింది. కానీ బజ్జీల బండి ఆవిడ మొహం తేలికపడలేదు. పని తగ్గింది కాబట్టి రేపు ఇద్దరిని పిలవక్కర్లేదు. పండుగ నాలుగు రోజులూ బండి ఎలాగూ నడవదు, ఆ ఇద్దరిలో తనూ ఒకతె. "రేటు పెరిగె, నా వంతు పాయె" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. నేను మాట్లాడలేదు.

లేవబోతుంటే మూల నుంచి లీడర్ అత్త పిలిచింది. ఎనభై దాటి ఉంటుంది, వేళ్ళు వంకరపోయాయి, సకినాలు చుట్టలేదు. పొద్దుటి నుంచీ చీర ఉయ్యాల తాడు లాగుతూ ఫాల్స్ ఆవిడ మనవణ్ణి నిద్రపుచ్చుతోంది.

"మేడమూ, అందరికి కూలి రాస్తివి. గీ పిల్లగాన్ని వట్టినందుకు నాకెంత రాస్తవు?"

అందరూ ఘొల్లున నవ్వారు. అవ్వ నవ్వలేదు. పుస్తకం మళ్ళీ తెరిచి, కూలి గడిలో ఎనిమిదో వరుసలో 'ఉయ్యాల' అని రాసుకున్నాను. అంకె వేయలేదు. రేపు మళ్ళీ వెళ్ళాలి.