సామాను బిల్లు మీ పేరున, కూలి మాత్రం నాకు

గుంటూరులోని ఒక ప్రైవేటు కళాశాలలో ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేస్తూ, సాయంత్రాలూ ఆదివారాలూ కంప్యూటర్లు అసెంబుల్ చేసి ఇవ్వడం మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. ప్రిన్సిపాలు గారి దగ్గర ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాను. కళాశాల వేళల్లో ఈ పని ఫోన్లు ఎత్తకూడదన్న ఒక్క షరతుతో అది తేలికగానే జరిగిపోయింది. తేలిక కానిది డబ్బు లెక్క.

మొదటి సిస్టమ్ అరండల్‌పేటలో డీటీపీ సెంటరు నడిపే మా వీధి అన్నయ్యకు చేశాను. పేజ్‌మేకరు, అను ఫాంట్లు, పెళ్లి శుభలేఖలు తప్ప ఆయనకు వేరే పని లేదు గనుక గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదనుకున్నాను. అక్కడితో ఆగకుండా, ధర కొంత తగ్గుతుందని ఇంటెల్ ప్రాసెసరు ఐ5 12400 బదులు 12400ఎఫ్ తెచ్చాను. చివరి ‘ఎఫ్’ అంటే ఆ ప్రాసెసరులో గ్రాఫిక్స్, అంటే మానిటరుకు బొమ్మ పంపే భాగం, ఉండదని అర్థం. ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి, మానిటరు మాత్రం నల్లగానే ఉండిపోయింది. ర్యాములు తీసి పెట్టి, పెట్టి తీసి అర్ధరాత్రి అయ్యాక గానీ డబ్బా మీది ఆ అక్షరం నా కంటపడలేదు. సీలు తీసిన ప్రాసెసరును దుకాణంలో వెనక్కి తీసుకోరు. పాత కార్డు ఒకటి నా డబ్బుతో కొని బిగించాను. మిగలడం అటుంచి, చేతిది 1,800 రూపాయలు పోయింది.

అప్పట్లో నేను విజయవాడ వెళ్లి సామానంతా నా పేరున కొని, పైన రెండు మూడు వేలు వేసుకుని, కొనేవారికి ఒకే మొత్తం చెప్పేవాణ్ణి. అందరూ చేసేది అదే కదా అనుకున్నాను. మిర్చి యార్డు దగ్గర ఆఫీసున్న ఒక ఎగుమతి వ్యాపారికి ఇచ్చిన సిస్టమ్‌లో ఎనిమిదో నెలకే పవర్ సప్లై పోయింది. క్యాబినెట్టు మూత తీయగానే కారం ఘాటుకు ఇద్దరమూ తుమ్ములు ఆపుకోలేకపోయాం. ఆ దుమ్ము సంగతి ముందే ఆలోచించి జాలీ ఫిల్టర్లు ఉన్న క్యాబినెట్టు ఇవ్వకపోవడం నా తప్పే. అయినా వారంటీ ఉందన్న ధీమాతో సర్వీసు సెంటరుకు వెళితే, నా దగ్గరున్న చేతిరాత బిల్లులో సీరియల్ నంబరు లేదని తిప్పి పంపారు. “మాస్టారూ, నేను మిమ్మల్ని చూసి కొన్నాను గానీ ఆ కంపెనీని చూసి కాదు. పైగా జీఎస్‌టీ బిల్లు లేకపోతే నాకు ఇన్‌పుట్ క్రెడిట్ కూడా రాదు,” అన్నారాయన. కొన్నప్పుడు కట్టిన జీఎస్‌టీని తాను కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు అన్నమాట. కొత్త సప్లై మళ్లీ నా డబ్బుతోనే వచ్చింది.

ఆ వారమే తెలిసిన ఆడిటరు గారిని కలిశాను. సామాను అమ్మేవారికి మన రాష్ట్రంలో ఏడాదికి 40 లక్షలు, సేవలకైతే 20 లక్షలు దాటితేనే జీఎస్‌టీ రిజిస్ట్రేషను తప్పనిసరి అనీ, అయితే హైదరాబాదులో ఉన్న పిన్ని కొడుక్కి ఒక్క సిస్టమ్ అమ్మి పంపినా అది వేరే రాష్ట్రానికి అమ్మకం కాబట్టి ఆ పరిమితి వర్తించదనీ, రిజిస్ట్రేషను తప్పదనీ చెప్పారు. ఇంటికి వస్తూ దారిలోనే నిర్ణయించుకున్నాను. ఇకపై సామాను కొనేవారి పేరున, వారి జీఎస్‌టీ నంబరుతో, సీరియల్ నంబర్లు వేసి, దుకాణమే నేరుగా బిల్లు ఇస్తుంది. డబ్బు కూడా వారే కడతారు. నేను తీసుకునేది ఎంపికకూ అసెంబ్లింగుకూ 2,000 రూపాయలు.

దీనికీ ఇబ్బంది లేకపోలేదు. ధరలన్నీ కళ్ల ముందే ఉంటాయి గనుక ‘నాలుగు స్క్రూలు బిగించడానికి రెండు వేలా’ అని అడిగినవారు ఉన్నారు, ఏ సామాను కొనాలో నేను రాసిచ్చిన ఎంపిక చీటీ పట్టుకుని వేరేచోట బిగింపించుకున్నవారూ ఉన్నారు. అందుకే ఇప్పుడు చీటీ ఇచ్చే ముందే 500 రూపాయలు తీసుకుంటున్నాను. బ్యాంకులో కరెంటు ఖాతాకు వ్యాపార రుజువు అడిగితే చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్టు చూపించాను. ఆ రిజిస్ట్రేషను ఆన్‌లైన్‌లో పూర్తిగా ఉచితం, దళారికి డబ్బు ఇవ్వనక్కర్లేదు.

నా కూలికి నేను చూపించగలిగింది పరీక్షే. రాత్రంతా ర్యాములో లోపాలు వెతికే మెమ్‌టెస్ట్ నడిపి, మర్నాడు మిట్టమధ్యాహ్నం ఏసీ వేయకుండా ప్రాసెసరు మీద గంటసేపు పూర్తి లోడు పెడతాను. మన మే నెల ఎండలో వాడబోయే సిస్టమ్‌ను చల్లటి గదిలో పరీక్షించి ప్రయోజనం లేదు. ర్యామును దాని పూర్తి వేగంతో నడిపించే ఎక్స్‌ఎంపీ సెట్టింగు ఆన్ చేశానో లేదో అప్పుడే చూసుకుంటాను, లేకపోతే 3200 వేగానికి డబ్బు పెట్టి తక్కువ వేగంతో సరిపెట్టుకున్నట్టే. కొన్నవారి దగ్గర సిస్టమ్ దించడానికి వెళ్లినప్పుడు మల్టీమీటరుతో ఎర్తింగు చూడడం అలవాటైంది. ఎర్తింగు లేని పాత ఇళ్లలో, పవర్ సప్లైలోని ఫిల్టరు కెపాసిటర్ల నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటు నేలకు పోయే దారి లేక, క్యాబినెట్టు ముట్టుకుంటే జిల్లుమంటుంది.

2025 చివర్లో ర్యాముల ధరలు అమాంతం పెరిగినప్పుడు, పాత పద్ధతిలోనే ఉండి ఉంటే ఒప్పుకున్న మొత్తానికి కట్టుబడి నేనే నష్టపోయేవాణ్ణి. ఆ నెలలో ఆ మిర్చి వ్యాపారి రెండో సిస్టమ్ అడిగారు. పెరిగిన ధర చూసి ఆయన దుకాణంవారితో పోట్లాడారు గానీ, నా రెండు వేలూ మాత్రం బేరమాడకుండా ఇచ్చారు.