నా అనుభవం: పాత పద్మిని కారును లేపింది బోరు మోటార్ల షెడ్డు

అనంతపురంలో పాత ప్రీమియర్ పద్మిని కారును బాగుచేయించాలనుకునేవాళ్లు నేరుగా కార్ల గ్యారేజీకి పోవద్దు. అక్కడ పని అంటే పాత పార్టు విప్పి కొత్తది వేయడమే. ఈ బండి తయారీ ఎప్పుడో ఆగిపోయింది, కొత్త పార్టు అడిగితే చేతులెత్తేస్తారు. నాకు సాయం దొరికింది అసలు ఊహించని చోట: కాలిన బోరు మోటార్లకు తీగ మళ్లీ చుట్టే (రివైండింగ్) షెడ్డులో, దాని పక్కనే పంపు షాఫ్టులను తిప్పుతూ చెక్కే లేత్ మిషను దగ్గర, ట్రాక్టర్లు చూసే మిస్త్రీ దగ్గర. అరిగినదాన్ని మళ్లీ కొలతకు తేవడం వాళ్లకు రోజూ ఉండే పని.

మన జిల్లాలో ఏడాదికి వాన 550 మిల్లీమీటర్ల చుట్టూనే కాబట్టి ఏళ్ల తరబడి షెడ్డులో ఉన్నా బాడీకి తుప్పు పెద్దగా పట్టలేదు. మ్యాట్ల కింద ఫ్లోరు, బ్యాటరీ కూర్చునే చోటు మాత్రం చూసుకోవాలి. ఎండకు పోయేది రబ్బరు. హోసులు, డోరు బీడింగులు, బ్రేకు సీళ్లు అన్నీ గట్టిపడి పగులుతాయి.

ఇంజిన్ 1089 సీసీ, నాలుగు సిలిండర్లు. చాలాకాలం ఆగిన బండికి బ్యాటరీ పెట్టి వెంటనే సెల్ఫ్ కొట్టకూడదు. పిస్టన్ రింగులు సిలిండర్ లోపలి గోడకు పట్టుకుని ఉంటే విరుగుతాయి, ఆ గోడ గీరుకుపోతుంది. నాలుగు ప్లగ్గులూ తీసి, డీజిలు, ఇంజిన్ ఆయిలు సమపాళ్లలో కలిపి ఒక్కో సిలిండర్‌లో రెండు మూడు చెంచాలు పోసి రెండు రోజులు వదిలేశాం. తర్వాత టాప్ గేరులో పెట్టి బండిని ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపితే ఇంజిన్ తిరిగింది. పాత ఆయిలు దించి 20డబ్ల్యు-50 రకం ఇంజిన్ ఆయిలు పోసి, ప్లగ్గులు లేకుండానే ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్‌తో తిప్పి, ఆ తర్వాతే స్టార్టింగ్ సంగతి చూశాం.

అసలు పని బ్రేకుల దగ్గర పడింది. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. బ్రేక్ ఆయిలు గాలిలో తేమను పీల్చుకుంటుంది, ఆ తేమకు చక్రం దగ్గర బ్రేకును తోసే వీల్ సిలిండర్ లోపల తుప్పు పట్టి పిస్టన్ బిగుసుకుపోతుంది. సుత్తితో కొడితే సిలిండరే పగులుతుంది. కంప్రెసర్ గాలితో తోస్తే పిస్టన్ తూటాలా ఎగిరి వేళ్లు పోతాయి. ఇక్కడే ట్రాక్టర్ మిస్త్రీ తన గ్రీజు గన్ను తీశాడు. బ్రేకు పైపు బిగించే రంధ్రానికి సరిపోయే మరతో, పైన గ్రీజు నిప్పుల్ ఉన్న చిన్న అడాప్టర్‌ను లేత్‌లో తిప్పించాడు. ఎయిర్ తీసే స్క్రూ మూసి గ్రీజు ఎక్కిస్తే పిస్టన్ చప్పుడు లేకుండా మెల్లగా బయటికొచ్చింది. రెండు పిస్టన్లున్న సిలిండర్‌లో వదులుగా ఉన్నది ముందే వచ్చేస్తుంది. అందుకని దాన్ని సీ-క్లాంపుతో ఆపి రెండోదాన్ని తోయాలి. పని అయ్యాక గ్రీజు చుక్క కూడా మిగలకూడదు, బ్రేకు సీళ్లు గ్రీజుకు ఉబ్బిపోతాయి. స్పిరిట్‌తో కడిగి, కొత్త సీళ్లే వేయాలి.

రెండు సిలిండర్ల లోపల గుంతలు పడ్డాయి. హోనింగ్‌తో, అంటే లోపల సన్నగా రాసి నున్న చేస్తే, పోయేవి కావు. లేత్ అతను చూసి, "పారేసేదానికి ఏముందన్నా, ఎస్ఎస్ ముక్క ఉంది, స్లీవ్ ఏసిస్తా" అన్నాడు. స్లీవ్ అంటే లోపల తొడిగే గొట్టం. సబ్‌మెర్సిబుల్ పంపు షాఫ్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి (ఎస్ఎస్), వాటి ముక్కలు అతని దగ్గర మూలన పడి ఉంటాయి. సిలిండర్‌ను రెండు మిల్లీమీటర్లు పెద్దది చేసి, స్లీవ్‌ను 0.03 మిల్లీమీటర్ల బిగువుతో ప్రెస్ చేసి, లోపల పాత కొలతకే తెచ్చాడు. అప్పుడే మామూలు సీళ్లు సరిపోతాయి. ఆయిలు వచ్చే రంధ్రం, ఎయిర్ తీసే రంధ్రం స్లీవ్‌లోనూ వేశారా లేదా అన్నది బిగించేముందే చూసుకోవాలి. మూసుకుపోతే ఎంత పెడల్ తొక్కినా ఆ చక్రానికి బ్రేకు రాదు.

ముందు చక్రం పక్కకు తిరిగే ఇరుసు కింగ్ పిన్ను. దాని బుష్‌లు కూడా అక్కడే గన్‌మెటల్ అనే కంచు రకంతో చేశాడు. పై బుష్, కింది బుష్ విడివిడిగా తొలిస్తే ఒకే గీతలో ఉండవు, పిన్ను పట్టేసి స్టీరింగ్ బరువెక్కుతుంది. రెండూ ప్రెస్ చేశాక రంధ్రాన్ని కొలతకు నున్న చేసే పొడవాటి రీమర్‌ను ఒకేసారి రెండింటిలోంచీ తిప్పాలి.

బ్యాటరీని చార్జ్ చేసే డైనమోలో తిరిగే తీగచుట్ట (ఆర్మేచర్) కాలిపోయింది. రివైండింగ్ షెడ్డు అతను పాత తీగ తీసేముందు చుట్లు లెక్కపెట్టి, తీగ మందం మైక్రోమీటర్‌తో కొలిచి రాసుకున్నాడు. నీళ్లలో ఉండే బోరు మోటారుకు ప్లాస్టిక్ తొడుగున్న తీగ వాడతారు, అది డైనమోకు పనికిరాదు. ఎనామిల్ రాగి తీగ చుట్టి, వార్నిష్ పోసి ఓవెన్‌లో ఆరబెట్టాలి. తర్వాత కార్బన్ బ్రష్షులు ఆనే రాగి పట్టీల చక్రాన్ని (కమ్యుటేటర్) లేత్‌లో నున్నగా చేసి, ఆ పట్టీల మధ్య మైకాను హాక్సా బ్లేడు ముక్కతో అర మిల్లీమీటరు లోతుకు తీయాలి. అది వదిలేస్తే రాగి అరిగేకొద్దీ మైకా పైకి తేలి కార్బన్ బ్రష్షులు ఎగురుతాయి, నిప్పురవ్వలు వస్తాయి. బిగించాక లూకాస్ రకం డైనమో అయితే ఎఫ్ టెర్మినల్ వైరు విప్పి, బ్యాటరీ ప్లస్ వైరును దానికి ఒక్క క్షణం తాకించాలి. అలా పోలారిటీ ఇవ్వకపోతే చార్జింగ్ ఉల్టా కావచ్చు.

పెట్రోలు వైపు: ట్యాంకు దించి కడిగించి, హోసులన్నీ ఇథనాల్‌కు తట్టుకునే ఆర్9 రకానివి వేశాం. ఇప్పుడొచ్చే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుకు పాత రబ్బరు నిలవదు. మెకానికల్ పెట్రోలు పంపులోని పల్చటి పొర (డయాఫ్రం) చిరిగితే పెట్రోలు ఇంజిన్ కింద ఆయిలుండే సంపులోకి దిగుతుంది. డిప్‌స్టిక్‌పై ఆయిలు మట్టం పెరిగి పెట్రోలు వాసన వస్తే బండి నడపొద్దు. సోలెక్స్ కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రాలను (జెట్లు) గాలితోనే ఊదాలి, తీగ దూర్చితే రంధ్రం పెద్దదవుతుంది. డయాఫ్రం, ప్యాకింగ్‌ల వంటివి బెంగళూరు జేసీ రోడ్డులో దొరికాయి. ముంబై ట్యాక్సీలుగా 2023 దాకా ఈ బళ్లు తిరిగాయి, అందుకే చిన్న సామాను ఇంకా ఉంది.

రేడియేటర్‌లో ఉప్పునీళ్ల పొర గట్టిగా కట్టింది. పై ట్యాంకు టంకం విప్పి గొట్టాల్లో కమ్మీ దూర్చి శుభ్రం చేయించాం. ఇకపై బోరు నీళ్లు పోసే పనే లేదు, డిస్టిల్డ్ వాటరు, కూలెంటు మాత్రమే.

పదిహేనేళ్లు దాటిన సొంత బండికి ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్ ఉంటుంది, ఫారం 25, గ్రీన్ ట్యాక్స్, బండి తనిఖీ. తనిఖీలో ఛాసిస్ నంబరుకు పెన్సిల్ ముద్ర తీస్తారు. పుట్టీ, పెయింటు నిండితే అంకెలు కనిపించవు. పెయింటింగ్‌కు ఇచ్చే రోజే ఆ నంబరుపై టేపు అంటించి, తీయొద్దని పెయింటర్‌కు గట్టిగా చెప్పండి.