నువ్వు ఫ్రీయే కదా

పదకొండు దాటింది, కన్ను మూతపడడం లేదు. పొద్దున అక్క ఫోనులో అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది: "నువ్వు ఫ్రీయే కదా, ఆ ఫారాలు నింపి పెట్టు." అడగలేదు, తేల్చేసింది. సెలవు పెట్టి ఇంట్లో ఉంటే ఆ రోజు నాది కాదు కాబోలు. నాలుగు గంటలు కూర్చుని నింపాను. ఫోటోలు అతికించే జిగురు కూడా నేనే వెతుక్కున్నాను. సాయంత్రం "అయిందా?" అంది, అంతే.

ఖాళీగా ఉండడమూ స్వేచ్ఛగా ఉండడమూ ఒకటెలా అయ్యాయి?

రోములో యజమాని విడిచిపెట్టిన బానిస తలకు ఉన్నిటోపీ పెట్టుకునేవాడు. ఇక నేను ఎవరి సొత్తూ కాదని దాని అర్థం. అయినా పాత యజమాని పేరే తన పేరులో మోయాలి, అతనికి చాకిరీ బాకీ ఉండాలి. రష్యాలో 1861లో రైతులను వెట్టి నుంచి విడిపించారు, భూమికి వాయిదాలు మాత్రం 1907 దాకా కట్టించుకున్నారు. బానిసత్వాన్ని రద్దు చేసిన 1833 నాటి బ్రిటన్ చట్టం తలచుకుంటే కడుపు మండుతుంది. యజమానులకు 2 కోట్ల పౌండ్ల పరిహారం, బానిసలకు ఒక్క పెన్నీ లేదు!

ఇంత రాశాక సిగ్గేస్తోంది. వాళ్ళ బతుకుల పక్కన నా నాలుగు గంటలను పెట్టకూడదు.

ఇప్పటి ఇరాక్ దక్షిణాన ఉండిన సుమేరియాలో సుమారు 4,400 ఏళ్ళ కిందట అప్పుల్లో బానిసలైనవారిని విడిచిపెట్టడాన్ని 'అమగి' అన్నారు. తల్లి దగ్గరికి తిరిగి వెళ్ళడం అని ఆ మాటకు అర్థం. అది చదివినప్పుడల్లా నాకు హాస్టల్ గేటు గుర్తొస్తుంది. మొదటి సెలవులు. రిజిస్టరులో అమ్మ సంతకం చేస్తోంది, పెన్ను రాయడం లేదు, అట్ట మీద గీసి గీసి చూస్తోంది. నా కళ్ళు గేటు గడియ మీదే ఉన్నాయి. ఆ నిమిషంలో నన్ను నా మానాన వదిలేయాలని నాకు లేదు. వాళ్ళ మనిషిని కావాలి, అంతే. గడియ తీయగానే నా ట్రంకుపెట్టె ఎత్తుకుని ముందు నడిచింది అక్క. నన్ను ముట్టుకోనివ్వలేదు. దాని అంచు గీసుకుని ఆమె మోచేతి మీద ఎర్రటి చార పడింది.

ఇంగ్లీషు 'ఫ్రీ'కీ మన 'ప్రియ'కూ మూలం ఒక్కటే. బానిసలు కాని ఇంటివాళ్ళు, అంటే ప్రియమైనవాళ్ళు, స్వేచ్ఛ గలవాళ్ళు. ఆ లెక్కన అక్క అన్నది నిజమే.

కానీ ఒక్కసారి అడగవలసింది. ఇంకా రెండు ఫారాలున్నాయి. రేపు తను అడిగితే నింపుతాను.